గీతకు ఇటు ఒక చట్టం, అటు ఒక చట్టం

అమెరికాలోని కాన్సాస్ సిటీలో స్టేట్ లైన్ రోడ్డు అని ఒక వీధి ఉంది. పేరుకు తగ్గట్టే రెండు రాష్ట్రాల సరిహద్దు ఆ రోడ్డు వెంబడే సాగుతుంది. పడమటి పక్క ఇళ్లు కాన్సాస్‌వి, తూర్పు పక్కవి మిస్సోరివి. పడమటి పక్క ఆసుపత్రిలో డాక్టరు నిర్లక్ష్యం వల్ల ఒకరి కాలు పోయిందనుకుందాం. ఆ బాధకు జ్యూరీ కట్టిన పరిహారంలో కాన్సాస్ చట్టం కోత పెట్టదు, ఎందుకంటే ఆ కోత చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు 2019లో తేల్చేసింది. అదే తప్పు తూర్పు పక్క జరిగితే, జ్యూరీ ఎంత ఇమ్మన్నా మిస్సోరి శాసనసభ గీసిన గీత దగ్గర ఆగిపోవాల్సిందే. రోడ్డు దాటడానికి అర నిమిషం చాలు.

వైద్యంలో జరిగే తప్పుకు అమెరికా మొత్తానికీ వర్తించే ఒకే చట్టం లేదు. దావా ఎప్పటిలోగా వేయాలి, ఎవరు వేయవచ్చు, ఎంత వస్తుంది, తప్పును ఎలా రుజువు చేయాలి అన్నవన్నీ 50 రాష్ట్రాలు ఎవరికి వారు రాసుకున్నవే. కొడుకు డల్లాస్‌లో, కూతురు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటే తల్లిదండ్రులు మూడు నెలలు అక్కడ, మూడు నెలలు ఇక్కడ గడిపి వచ్చే కుటుంబాలు మనలో ఇప్పుడు ఊరికి పది ఉన్నాయి. ఏ రాష్ట్రంలో జబ్బు పడాలో ఎవరూ ఎంచుకోరు. అందుకే ఈ విశేషాలను ఒకచోట చేర్చాలనిపించింది.

నలభై పౌన్లు

అమెరికా న్యాయ నివేదికల్లో అచ్చయిన తొలి వైద్య నిర్లక్ష్యం కేసు 1794 నాటిది, కనెక్టికట్ రాష్ట్రానిది. భార్య రొమ్ముకు జబ్బు చేస్తే డాక్టరు శస్త్రచికిత్స చేశాడు. కొద్ది గంటల్లోనే ఆమె చనిపోయింది. భర్త కోర్టుకెక్కాడు. జ్యూరీ 40 పౌన్లు ఇప్పించింది. దేశం పుట్టి ఇరవై ఏళ్లు కాకముందే, అదీ రాష్ట్ర కోర్టులోనే, ఈ తగవు మొదలైందన్నమాట. ఇప్పటికీ ఎక్కువ కేసులు నడిచేది రాష్ట్ర కోర్టుల్లోనే.

లింకన్ చేతిలో కోడి ఎముకలు

అబ్రహాం లింకన్ అధ్యక్షుడు కాకముందు ఇల్లినాయ్‌లో లాయరని తెలిసిందే. 1857లో బ్లూమింగ్టన్‌లో ఆయన వాదించిన ఒక కేసును అక్కడివాళ్లు కోడి ఎముకల కేసు అనే పిలుస్తారు. అగ్నిప్రమాదంలో ఒక వడ్రంగి కాళ్లు విరిగాయి. కట్టు కట్టాక ఒక కాలు వంకరగా అతుక్కుంది. అతను ఇద్దరు డాక్టర్ల మీద దావా వేశాడు. లింకన్ డాక్టర్ల తరఫున నిలబడి, లేత కోడి ఎముకనూ ముదురు కోడి ఎముకనూ జ్యూరీ ముందు పెట్టి, వయసు మీదపడ్డకొద్దీ ఎముక ఎందుకు పెళుసుబారుతుందో చూపించాడు. జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. శరీరం సంగతి మామూలు మనుషులకు అర్థమయ్యేలా చెప్పగలిగినవాడిదే పైచేయి అన్నది ఆనాటి నుంచీ ఈ కేసుల్లో మారలేదు.

రెండు ఖాతాలు

ఇక్కడ కాస్త ఆగాలి. ఇది అర్థం కాకపోతే మిగతావి అర్థం కావు. పరిహారాన్ని కోర్టులు రెండు ఖాతాల్లో రాస్తాయి. ఒకటి లెక్కకు అందే నష్టం: ఆసుపత్రి బిల్లులు, పోయిన జీతం, ఇకముందు కావలసిన మందులూ మనుషులూ. రెండోది లెక్కకు అందనిది: నొప్పి, చూపు పోవడం, నడక పోవడం, బిడ్డను ఎత్తుకోలేకపోవడం, తోడు లేకపోవడం. చాలా రాష్ట్రాలు ఈ రెండో ఖాతాకే పైకప్పు వేశాయి. అక్కడి లాయర్లూ డాక్టర్లూ దాన్ని 'క్యాప్' అంటారు.

ఈ పద్ధతికి పెద్దన్న కాలిఫోర్నియా. 1975లో డాక్టర్ల ఇన్సూరెన్స్ ప్రీమియంలు ఆకాశాన్నంటాయి. కొన్ని కంపెనీలు పాలసీలివ్వడమే మానేశాయి. మత్తుమందు ఇచ్చే డాక్టర్లు విధులకు రాకపోవడంతో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. అప్పటి గవర్నర్ జెర్రీ బ్రౌన్ ప్రత్యేక సమావేశం పెట్టించి 'మిక్రా' అనే చట్టం మీద సంతకం చేశారు. లెక్కకు అందని నష్టానికి 2.5 లక్షల డాలర్లకు మించి ఇవ్వకూడదని అందులో రాశారు. ధరలు పెరిగితే ఈ మొత్తం పెరగాలన్న మాట మాత్రం రాయలేదు. 47 ఏళ్లు ఆ అంకె అలాగే ఉండిపోయింది. 1975 నాటి 2.5 లక్షలు 2022 నాటి ధరల్లో 13 లక్షల డాలర్లకు పైమాటే. పెంచాలని 2014లో ప్రజల ముందు ఓటుకు పెడితే ఓడిపోయింది. చివరికి 2022లో రెండు పక్షాలూ రాజీ పడ్డాయి. 2023 జనవరి 1 నుంచి గాయాల కేసుల్లో 3.5 లక్షలు, మరణం కేసుల్లో 5 లక్షలు. ఏటా కొంత పెరుగుతూ 2033 నాటికి ఇవి 7.5 లక్షలకూ 10 లక్షలకూ చేరతాయి.

క్యాప్ దెబ్బ ఎవరికి తగులుతుంది? పెద్ద జీతం ఉన్న ఇంజనీరుకు మొదటి ఖాతాలోనే కోట్లు పలుకుతాయి. ఇంటిపట్టున ఉండే తల్లికీ, రిటైరైన తండ్రికీ, పసిబిడ్డకూ పోయిన జీతమంటూ చూపడానికి పెద్దగా ఏమీ ఉండదు. వాళ్లు పోగొట్టుకున్నదంతా రెండో ఖాతాలోనే పడుతుంది. కప్పు వేసిందేమో సరిగ్గా దానికే. డాక్టర్ల ప్రీమియం భారం నిజమే. అక్కడ వైద్యం చేస్తున్న మన తెలుగు డాక్టర్లు వేలల్లో ఉన్నారు, ఆ భారం వాళ్లూ మోస్తున్నారు. అయినా దాన్ని దించే పద్ధతిలో బరువంతా సంపాదన లేనివాళ్ల నెత్తిన పడిందన్నది నా అభ్యంతరం.

జ్యూరీకి చెప్పని సంగతి

చాలా రాష్ట్రాల్లో క్యాప్ ఉందని జ్యూరీకి తెలియనివ్వరు. పన్నెండు మంది రోజుల తరబడి విని, తర్జనభర్జన పడి ఒక అంకె రాస్తారు. తర్వాత జడ్జి దాన్ని కుదిస్తారు. విస్కాన్సిన్‌లో సరైన సమయానికి ఇన్ఫెక్షన్ సంగతి చెప్పకపోవడంతో ఒకామె రెండు చేతులూ రెండు కాళ్లూ పోగొట్టుకుంది. ఆమెకూ భర్తకూ కలిగిన బాధకు జ్యూరీ 1.65 కోట్ల డాలర్లు కట్టింది. ఆ రాష్ట్రపు క్యాప్ 7.5 లక్షలు. 2018లో రాష్ట్ర సుప్రీంకోర్టు క్యాప్‌నే నిలబెట్టింది.

జూన్ 30 రాత్రి, జులై 1 తెల్లవారు

వర్జీనియా రెండు ఖాతాలనూ కలిపి ఒకే కప్పు కింద పెట్టింది. ఆసుపత్రి బిల్లులు, జీవితాంతం కావలసిన సంరక్షణ, అన్నీ అందులోనే. ఆ మొత్తం ఏటా జులై 1న 50 వేల డాలర్లు పెరుగుతుంది. 2025 జులై 1న 27 లక్షలకు చేరింది, 2031లో 30 లక్షలవుతుంది. తప్పు జరిగిన తేదీ ఏదైతే ఆ ఏటి లెక్కే వర్తిస్తుంది. జూన్ 30 అర్ధరాత్రికి ముందు పుట్టిన బిడ్డకూ, తర్వాత పుట్టిన బిడ్డకూ హక్కులో 50 వేల తేడా.

గవర్నర్ గారు డాక్టరే

1975లో ఇండియానా తెచ్చిన చట్టం, ఈ కేసులన్నిటినీ ఒక చట్రంలో బిగించిన తొలి చట్టాల్లో ఒకటి. దాన్ని పట్టుబట్టి తెచ్చిన గవర్నర్ ఓటిస్ బోవెన్ స్వయానా కుటుంబ వైద్యుడు. అక్కడ మామూలుగా దావా కోర్టులో నడవకముందు ముగ్గురు డాక్టర్ల బృందం కాగితాలన్నీ చూసి అభిప్రాయం చెబుతుంది. బృందానికి అధ్యక్షత వహించేది లాయరు, కానీ ఆయనకు ఓటు లేదు.

పాత ఇల్లు కూల్చి అదే చోట కొత్త ఇల్లు

మొదట చెప్పిన మిస్సోరి కథ ఇంకా ఉంది. క్యాప్ చెల్లదని 2012లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. 1820లో రాష్ట్ర రాజ్యాంగం రాసుకున్ననాడే వైద్య నిర్లక్ష్యం మీద జ్యూరీ ముందు దావా వేసే హక్కు ఉండేది కాబట్టి, శాసనసభ దాన్ని కుదించలేదన్నది కోర్టు తర్కం. 2015లో శాసనసభ ఏం చేసిందంటే, అనాదిగా వస్తున్న ఆ హక్కునే రద్దు చేసింది. దాని స్థానంలో కొత్తగా చట్టంతో ఒక హక్కును పుట్టించి, ఆ కొత్తదానికి క్యాప్ తగిలించింది. మేమే ఇచ్చిన హక్కుకు మేమే హద్దు పెట్టుకుంటామన్నది వాళ్ల వాదన. 2021లో కోర్టు సరేనంది.

పక్కనున్న ఇల్లినాయ్‌లో క్యాప్‌లు మూడుసార్లు వచ్చాయి. 1976, 1997, 2010 సంవత్సరాల్లో మూడుసార్లూ అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. జార్జియాలో 2010లో పోయింది. అరిజోనాలో ఆ గొడవే లేదు. మరణానికీ గాయానికీ పరిహారాన్ని కుదించే చట్టం చేయకూడదని వాళ్ల రాజ్యాంగంలోనే రాసి ఉంది.

టెక్సాస్

డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్‌ల చుట్టూ ఇప్పుడు తెలుగు ఊళ్లే వెలిశాయి కాబట్టి ఈ రాష్ట్రం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 2003లో టెక్సాస్ శాసనసభ క్యాప్ చట్టం చేసింది. కోర్టులు కొట్టేయకుండా సెప్టెంబరులో రాజ్యాంగ సవరణ కూడా ఓటుకు పెట్టింది. 51 శాతంతో నెగ్గింది. నొప్పికీ బాధకూ డాక్టర్లందరి నుంచీ కలిపి 2.5 లక్షలు, ఆసుపత్రి ఒక్కోదాని నుంచి 2.5 లక్షలు, ఎన్ని ఆసుపత్రులున్నా వాటి వాటా 5 లక్షలకు మించదు. అన్నీ కలిపి గరిష్ఠంగా 7.5 లక్షలు. ధరలతో పాటు పెరగదు.

ఇంకో మెలిక: అవతలి పక్షం కోర్టుకు జవాబు దాఖలు చేసిన 120 రోజుల్లోగా నిపుణుడైన డాక్టరుతో రాయించిన నివేదిక ఇవ్వాలి. అందులో తప్పేమిటో, ఆ తప్పుకూ నష్టానికీ లంకె ఏమిటో ఉండాలి. ఇవ్వకపోతే కేసు కొట్టేసి, ఎదుటివారి లాయరు ఖర్చు కూడా మనమీదే వేస్తారు.

ఇదంతా కాగితం మీద సంగతి. మనుషుల మీద ఎలా పనిచేసిందో క్రిస్టఫర్ డంచ్ అనే న్యూరోసర్జన్ ఉదంతం చూపిస్తుంది. 2011-13 మధ్య డల్లాస్ చుట్టుపక్కల ఆసుపత్రుల్లో అతను చేసిన వెన్నెముక ఆపరేషన్లు పలువురిని జీవితాంతం మంచాన పడేశాయి. ఇద్దరు చనిపోయారు. బాధితుల్లో చాలామందికి లాయరు దొరకడమే కష్టమైంది. నిపుణుల సాక్ష్యాలకే పెద్ద మొత్తం ఖర్చయ్యే కేసులో వచ్చేదానికి కప్పు ఉంటే ఏ లాయరు ముందుకొస్తాడు? అలాంటి డాక్టరును ఎందుకు పెట్టుకున్నారని ఆసుపత్రిని నిలదీయాలంటే, ఆసుపత్రికి దురుద్దేశం ఉందని నిరూపించాలి. నిర్లక్ష్యం సరిపోదు. చివరికి 2017 ఫిబ్రవరిలో క్రిమినల్ కోర్టు అతనికి యావజ్జీవ శిక్ష వేసింది. సివిల్ దారి ఇరుకైన చోట క్రిమినల్ కోర్టు తలుపు తట్టాల్సి వచ్చింది.

కడుపులో మరిచిన స్పాంజి: రెండు కథలు

ఇదీ టెక్సాసే. ఇద్దరు స్త్రీలకు 1995లో వేర్వేరు చోట్ల ఆపరేషన్లు అయ్యాయి. ఇద్దరి కడుపులోనూ స్పాంజి వదిలేసి కుట్లేశారు. ఒకామెకు 2005లో బయటపడింది, అంటే తొమ్మిదేళ్లు దాటాక. ఇంకొకామెకు 2006లో, పదేళ్లు నిండాక. టెక్సాస్‌లో ఏ కారణం చెప్పినా పదేళ్ల తర్వాత దావా వేయడానికి లేదు. 2010లో రాష్ట్ర సుప్రీంకోర్టు మొదటి ఆమె కేసు నడవనిచ్చింది, రెండో ఆమె కేసు కొట్టేసింది. కడుపులో ఏముందో తెలుసుకునే దారి ఇద్దరికీ లేదు. ఒకరికి నొప్పి కాస్త ముందు తెలిసింది, అంతే.

ముప్పై తొమ్మిది నుంచి ఇరవై అయిదుకు

ఒక వ్యక్తికి ఊపిరితిత్తుల క్యాన్సర్. మొదట్లోనే గుర్తించి ఉంటే అయిదేళ్లు బతికే అవకాశం 39 శాతం. ఆలస్యంగా గుర్తించేసరికి 25 శాతానికి పడిపోయింది. అతను చనిపోయాడు. డాక్టర్ల తరఫు వాదన: ఎటూ సగానికి సగం అవకాశం కూడా లేదు, మా వల్లే పోయాడని ఎలా అంటారు? 1983లో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు ఈ వాదనను ఒప్పుకోలేదు. తగ్గిన ఆ 14 శాతం కూడా మనిషి పోగొట్టుకున్నదే, దావా నడవాలి అంది. పదేళ్ల తర్వాత, 1993లో, డల్లాస్ పక్కనున్న లూయిస్‌విల్ నుంచి ఇలాంటి కేసే టెక్సాస్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్కడ కుదరదన్నారు. బతికే అవకాశం సగం కన్నా తక్కువున్న రోగి విషయంలో ఎంత ఆలస్యం చేసినా టెక్సాస్‌లో ఈ దావా నిలవదు. మసాచుసెట్స్ 2008లో వాషింగ్టన్ దారి పట్టింది.

గడువుల క్యాలెండరు

ఒహాయో, కెంటకీ, టెనెసీ, లూయిసియానాల్లో దావాకు గడువు ఒక్క ఏడాది. టెక్సాస్, న్యూజెర్సీల్లో రెండేళ్లు. న్యూయార్క్‌లో రెండున్నరేళ్లు. మిన్నెసోటాలో నాలుగేళ్లు. కాలిఫోర్నియాలో గాయమైన మూడేళ్లు లేదా తెలిసిన ఏడాది, ఏది ముందైతే అది. మనిషి పోయిన ఇంట్లో సంవత్సరీకం పెట్టేసరికి టెనెసీలో గడువు అయిపోవచ్చు.

న్యూజెర్సీలో పిల్లలకు ప్రత్యేక లెక్క. కాన్పు సమయంలో డాక్టరు తప్పు వల్ల బిడ్డకు హాని జరిగితే, ఆ బిడ్డకు 13వ పుట్టినరోజు వచ్చేలోపు దావా వేయాలి. అదే రాష్ట్రంలో లాభాపేక్ష లేని ఆసుపత్రి నుంచి వసూలు చేయగలిగింది 2.5 లక్షల డాలర్లే. ధర్మసంస్థలకు ఇచ్చిన పాత రక్షణ అది. డాక్టరుకు మాత్రం ఆ రక్షణ లేదు. ఎడిసన్‌లో ఉండే మనవాళ్లు ఏ ఆసుపత్రి ఏ కోవలోదో తెలుసుకుని ఉంచుకోవడం మంచిది.

ఊరి డాక్టరుకు ఊరి కొలత

1880లో మసాచుసెట్స్ కోర్టు ఒక సూత్రం చెప్పింది. చిన్న ఊరి డాక్టరు తనలాంటి ఊళ్లలోని డాక్టర్లకుండే నేర్పు చూపితే చాలు, పట్నపు నేర్పు అడగకూడదని. గుర్రపుబండి రోజుల్లో అది న్యాయంగానే ఉండి ఉంటుంది. 1968లో అదే కోర్టు ముందుకు ఒక బాలింత వచ్చింది. ప్రసవానికి వెన్నులో ఇచ్చిన మత్తుమందు మోతాదు 8 మిల్లీగ్రాములు. ఆమె లేవబోయి పడిపోయింది, కాలిలో స్పర్శ తిరిగిరాలేదు. న్యూ బెడ్‌ఫర్డ్‌లో అందరూ 8 ఇస్తారు, దగ్గర్లోని బోస్టన్‌లో 5 లేదా అంతకన్నా తక్కువ. రెండు ఊళ్ల మధ్య దూరం యాభై మైళ్లు. యాభై మైళ్లకు మందు మోతాదు మారదని చెప్పి, తొంభై ఏళ్ల నాటి సూత్రాన్ని కోర్టు పక్కన పెట్టింది. ఐడహో చట్టంలో మాత్రం స్థానిక కొలత నేటికీ ఉంది. సాక్ష్యం చెప్పే నిపుణుడు ఎక్కడివాడైనా, ఆ ఊరి డాక్టర్ల ఆచారం తనకు తెలుసని ముందు రుజువు చేసుకోవాలి.

అందరూ చేసేదే చేసినా తప్పే

వైద్య నిర్లక్ష్యం అంటే సాధారణంగా తోటి డాక్టర్లు పాటించే పద్ధతి నుంచి పక్కకు పోవడం. 1974లో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. 32 ఏళ్ల స్త్రీకి గ్లకోమా వల్ల చూపు బాగా తగ్గింది. ఏళ్ల తరబడి కంటి డాక్టర్ల దగ్గరికి వెళ్తున్నా కంటి ఒత్తిడి పరీక్ష చేయలేదు. నలభై దాటనివాళ్లకు ఆ పరీక్ష చేయకపోవడమే అప్పటి పద్ధతి. పరీక్ష చౌక, తేలిక, హాని లేనిది, అలాంటప్పుడు పద్ధతి పేరు చెప్పి తప్పించుకోలేరని కోర్టు తీర్పు. మరుసటి ఏడే శాసనసభ ఆ తీర్పు ప్రభావాన్ని తగ్గించడానికి చట్టం చేసింది.

"క్షమించండి" అంటే కేసా?

డాక్టరు రోగి ఇంటివాళ్ల దగ్గర కూర్చుని "అయ్యో, ఇలా జరగాల్సింది కాదు" అంటే ఆ మాటను కోర్టులో సాక్ష్యంగా వాడొచ్చా? 1986లో మసాచుసెట్స్ తొలిసారి దీనికి చట్టం చేసింది. సానుభూతి మాటలు సాక్ష్యం కావంది. తర్వాత ముప్పైకి పైగా రాష్ట్రాలు ఇదే బాట పట్టాయి. టెక్సాస్, కాలిఫోర్నియాల్లో సానుభూతి వరకే రక్షణ. "తప్పు నాదే" అంటే ఆ మాట కోర్టుకు వస్తుంది. 2003లో కొలరాడో ఆ ఒప్పుకోలుకు కూడా రక్షణ ఇచ్చింది.

మిషిగన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రి 2001 నుంచి తప్పు జరిగితే తామే చెప్పడం, క్షమాపణ అడగడం, పరిహారం ఇవ్వడం మొదలుపెట్టింది. 2010లో వచ్చిన అధ్యయనం ప్రకారం లక్ష వైద్య సందర్శనలకు నెలకు వచ్చే కొత్త క్లెయిములు 7.03 నుంచి 4.52కు దిగాయి. నిజం చెప్పడానికి భయపడనక్కర్లేదని ఇంతకన్నా గట్టిగా చెప్పిన అంకె నాకు కనిపించలేదు.

గోడ మీద బోర్డు

ఫ్లోరిడాలో డాక్టరు మాల్‌ప్రాక్టీస్ (వైద్య నిర్లక్ష్యం) ఇన్సూరెన్స్ లేకుండానే ప్రాక్టీసు పెట్టుకోవచ్చు. కాకపోతే ఆ సంగతి రోగులకు తెలిసేలా బోర్డు పెట్టాలి, లేదా రాతపూర్వకంగా ఇవ్వాలి. క్లినిక్‌లో కూర్చున్నప్పుడు గోడ మీద ఉన్నవన్నీ చదవండి.

కేంద్ర ఆసుపత్రి, రాష్ట్ర కొలత

మాజీ సైనికుల ఆసుపత్రులు కేంద్రానివి. అక్కడ తప్పు జరిగితే డాక్టరు మీద కాక అమెరికా ప్రభుత్వం మీదే, 1946 నాటి చట్టం కింద, ఫెడరల్ కోర్టులో దావా. జ్యూరీ ఉండదు. విచిత్రమేమంటే అక్కడ కూడా తప్పును తూచేది ఆ సంఘటన జరిగిన రాష్ట్రపు చట్టంతోనే.

అత్యవసర వైద్యం విషయంలో మాత్రం కేంద్రం 1986లోనే ఒక గట్టి చట్టం చేసింది. ఎమర్జెన్సీకి వచ్చిన మనిషి దగ్గర డబ్బున్నా లేకున్నా, ఏ వీసా మీద ఉన్నా, పరీక్షించి ప్రాణాపాయం నుంచి గట్టెక్కించాలి. చూడటానికి వెళ్లిన అమ్మానాన్నలకు గుండెనొప్పి వస్తే ఈ చట్టమే అండ. ఆసుపత్రి ఆ బాధ్యత తప్పితే కేసు వేయొచ్చు. నష్టపరిహారం ఎంతన్నది? మళ్లీ ఆ రాష్ట్రం చెప్పినంతే.

లాయరు వాటా

ఈ కేసుల్లో లాయర్లు ముందు ఫీజు అడగరు, గెలిస్తే వాటా తీసుకుంటారు. న్యూయార్క్ చట్టం ఆ వాటాకు మెట్లు కట్టింది. తొలి 2.5 లక్షల డాలర్లలో 30 శాతం, తర్వాతి 2.5 లక్షల్లో 25, ఆపై 5 లక్షల్లో 20, ఆపై 2.5 లక్షల్లో 15, అంతకు మించితే 10. కేసు పెద్దదైన కొద్దీ లాయరు వాటా తగ్గుతుంది.

పాతికేళ్లు నిండిన బిడ్డ

ఇది రాయడానికి మనసు బరువెక్కుతుంది. ఫ్లోరిడాలో 1990 నుంచి ఉన్న నిబంధన ఇది. డాక్టర్ల నిర్లక్ష్యం వల్ల ఒకరు చనిపోతే, వాళ్లకు భార్యో భర్తో లేకపోతే, 25 ఏళ్లలోపు పిల్లలు లేకపోతే, వాళ్ల కోసం కుమిలిపోయే పెద్ద పిల్లలకు ఆ దుఃఖానికి పరిహారం అడిగే హక్కు లేదు. అలాగే పాతికేళ్లు నిండిన బిడ్డ ఆసుపత్రి తప్పువల్ల పోతే తల్లిదండ్రులకూ ఆ హక్కు లేదు. అదే మనిషిని కారు గుద్ది చంపితే లెక్క వేరు. ఈ మినహాయింపు వైద్యానికే.

భర్తను పోగొట్టుకున్న తల్లి టాంపాలో ఉన్న కొడుకు ఇంటికి వెళ్లి, అక్కడి ఆసుపత్రిలో జరగరాని తప్పుకు బలైందనుకోండి. కొడుక్కి ముప్పై అయిదేళ్లు. ఆమెకు జీతం లేదు. మొదటి ఖాతాలో పెద్దగా ఏమీ ఉండదు, రెండో ఖాతా అడిగేవాళ్లు చట్టం దృష్టిలో ఎవరూ లేరు. ఇలా కేసుకు అందని మరణాలను అక్కడి బాధిత కుటుంబాలు 'ఫ్రీ కిల్' అంటాయి. ఆ మాటలో ఎంత కోపం ఉందో వేరే చెప్పక్కర్లేదు. 2025లో శాసనసభ ఉభయసభలూ ఈ నిబంధన తీసేస్తూ బిల్లు ఆమోదించాయి. మే నెలలో గవర్నర్ రాన్ డిసాంటిస్ వీటో చేశారు. పరిహారానికి క్యాప్ లేకుండా తలుపు తెరిస్తే ప్రీమియంలు పెరుగుతాయన్నది ఆయన చెప్పిన కారణం.

హైదరాబాద్ దారి

మన దేశంలో రాష్ట్రానికో మాల్‌ప్రాక్టీస్ చట్టం లేదు. వినియోగదారుల రక్షణ చట్టం దేశమంతటికీ ఒకటే, గడువు రెండేళ్లు, జ్యూరీ లేదు, క్యాప్ లేదు. ఆ దారిలో రెండు పెద్ద అడుగులు హైదరాబాద్ కేసులవి కావడం విశేషం. 1990లో నిమ్స్‌లో ఆపరేషన్ తర్వాత నడుము కింద చచ్చుబడిపోయిన యువకుడు సుప్రీంకోర్టులో తన కేసు తానే వాదించుకున్నాడు. 2009లో కోర్టు అతనికి కోటి రూపాయలు ఇప్పించింది. మరుసటి ఏడాది ఇంకో హైదరాబాద్ కేసులో, మలేరియా వచ్చిన స్త్రీకి టైఫాయిడ్ మందులు వాడిన సందర్భంలో, ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని అదే కోర్టు చెప్పింది. ఆమె భర్త పనిచేసేది మలేరియా విభాగంలోనే. టెక్సాస్‌లో 120 రోజుల్లో నిపుణుడి నివేదిక లేకపోతే కేసే లేదన్నది గుర్తు చేసుకుంటే, ఈ తీర్పు విలువ తెలుస్తుంది.

లావెర్న్ చట్టం

మళ్లీ అమెరికాకు వద్దాం. న్యూయార్క్ నగరంలో లావెర్న్ అనే తల్లి 2010లో ఛాతీ నొప్పితో ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లింది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తిలో అనుమానాస్పదమైన గడ్డ కనిపించింది. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఇంటికి పంపేశారు. 2012లో మళ్లీ వెళ్లేసరికి క్యాన్సర్ ముదిరిపోయింది. నగర ఆసుపత్రి మీద దావాకు గడువు ఏడాది మూడు నెలలు, అదీ తప్పు జరిగిన రోజు నుంచే లెక్క. తనకు తప్పు జరిగిందని తెలిసేనాటికే ఆ గడువు దాటిపోయింది. 2013లో ఆమె చనిపోయింది. వైకల్యంతో పుట్టి, తల్లి లేనిదే పూట గడవని కూతురు మిగిలింది.

న్యూయార్క్ శాసనసభలో ఆ తల్లి పేరు మీదే బిల్లు వచ్చింది. 2018 జనవరి 31న అది చట్టమైంది. క్యాన్సర్‌ను గుర్తించకపోయిన కేసుల్లో ఇప్పుడు గడువు రోగికి ఆ సంగతి తెలిసిన రోజు నుంచి మొదలవుతుంది, తప్పు జరిగాక ఏడేళ్లు మించకుండా. మిగతా జబ్బులకు పాత లెక్కే.